కుర్చీ వదిలి పనిని ఎంచుకున్న ఇంజినీరు

జనాబ్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ గారు 1929లో ఢాకాలో జన్మించారు. 1952లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళి, మూడేళ్ళలోనే రెండు మాస్టర్ డిగ్రీలు, డాక్టరేటు సంపాదించారు. 1955లో చికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పెద్ద కంపెనీలో చేరారు.

కొన్నాళ్ళకు కరాచీలో పెద్ద సర్కారీ హోదా దొరికింది. కాని అక్కడ ఆఫీసు వ్యవహారాలతోనే సరిపోయేది. డిజైను పనికి తీరిక చిక్కేది కాదు. ఆ కుర్చీ వదిలేసి 1960లో మళ్ళీ పాత కంపెనీకే వచ్చేశారు. 1966లో అందులోనే భాగస్వామి అయ్యారు.

ఎత్తైన భవనం గాలికి ఊగకుండా, బయటి స్తంభాలన్నిటినీ ఒక గొట్టంలా బిగించడం ఆయన ఉపాయం. దీనివల్ల ఉక్కు ఖర్చు బాగా తగ్గింది. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం గారితో కలిసి 110 అంతస్తుల సియర్స్ టవరును ఈ పద్ధతిలోనే లేపారు. 1998 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం అదే. 2009 నుంచి దాన్ని విల్లిస్ టవర్ అంటున్నారు.

అంత పెద్ద కొలువులో ఉండీ తనవాళ్ళను మరువలేదు. 1971లో బంగ్లాదేశ్ బాధితుల సహాయానికి చికాగోలో సంస్థ పెట్టారు. జిద్దాలో హాజీలకు నీడనిచ్చే గుడారాల విమాన టెర్మినల్‌లోనూ ఆయన చెయ్యి ఉంది. 1982లో ఆ జిద్దాలోనే కన్నుమూశారు.

ఉద్యోగం అనగానే మనవాళ్ళు ముందు హోదా ఎంతని అడుగుతారు. అక్కడ చేసే పని ఏమిటని కూడా అడగమని మా విద్యార్థులకు మేము చెబుతుంటాము. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక! ఆమీన్.