మామగారి ప్రభుత్వము, అల్లుని లెక్కలు

తెలుగువారి లోగిళ్ళలో అల్లుడు అలకపాన్పు ఎక్కినచో చేతి గడియారమో సైకిలో పుచ్చుకొని దిగివచ్చుట వాడుక. జవహర్‌లాల్ నెహ్రూ అల్లునికి దక్కినది మామగారి మంత్రివర్గములోని ఆర్థికమంత్రి రాజీనామా. అయితే అది అలక కాదు, లెక్క.

ఫిరోజ్ గాంధీ 1912 సెప్టెంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక పార్సీ కుటుంబమున జన్మించినాడు. మహాత్మునితో ఆయనకు బంధుత్వమేమియు లేదు. తండ్రి నౌకా ఇంజనీరు. తల్లితో అలహాబాదు చేరి, వైద్యురాలైన బంధువు ఇంట పెరిగినాడు. 1930లో ఆయన చదువుచున్న కళాశాల ముందు పికెటింగు చేయుచు కమలా నెహ్రూ ఎండకు సొమ్మసిల్లగా సేదదీర్చినవారిలో ఈ విద్యార్థి ఒకడు. అంతటితో చదువు మాని ఉద్యమములో చేరినాడు. ఫైజాబాదు జైలులో ఆయన సహచరుడు లాల్ బహదూర్ శాస్త్రి. లండనులో కొంత చదువు, 1942 మార్చిలో ఇందిరతో వివాహము, వెనువెంటనే క్విట్ ఇండియా ఉద్యమము, మరల జైలు. 1946 నుండి లక్నోలో నేషనల్ హెరాల్డు పత్రిక నిర్వహణభారము వహించి, 1952లో రాయబరేలి నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు.

సభలో మూడేండ్లకు పైగా ఆయన కంఠము వినబడుట అరుదు. ప్రధాని అల్లుడు గనుక మాటలాడనక్కరలేదని కొందరు భావించియుందురు. 1955 డిసెంబరులో ఆయన లేచి, భీమా కంపెనీలలో ప్రజలు దాచుకొన్న సొమ్మును కోటీశ్వరులు తమ యితర వ్యాపారములకు ఎట్లు మళ్ళించుచున్నారో అంకెలతో సహా వివరించినాడు. గురి ముఖ్యముగా రామకృష్ణ డాల్మియా పైన. కాలక్రమమున డాల్మియా జైలుపాలైనాడు. ఆ ప్రసంగము చేసి రెండు నెలలైనను కాకమునుపే, 1956 జనవరిలో, ప్రభుత్వము జీవిత భీమాను తన స్వాధీనము చేసికొన్నది. సెప్టెంబరు ఒకటిన జీవిత భీమా సంస్థ అవతరించినది. దేశములోని 245 కంపెనీలు, సంఘములు అందులో కలిసిపోయినవి. బందరులో పట్టాభి సీతారామయ్య 1925లో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్సు వ్యాపారమును అట్లే కలిసినది. గుమాస్తాలు, బడిపంతుళ్ళు నెలనెలా కట్టు ప్రీమియము ఇక షావుకార్ల చేతికి చిక్కదని జనులు ఊరట చెందినారు.

ఆ ఊరట ఏడాది నిలిచినది. 1957 జూన్‌లో ఈ క్రొత్త సంస్థ కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటి ఇరువదినాలుగు లక్షల రూపాయలకు కొన్నది. ముంద్రా అప్పటికే అప్పులలో మునిగియున్నాడు. సంస్థకు పెట్టుబడుల సంఘమొకటి ఉన్నది. దాని నెవరును అడుగలేదు. ధర మాత్రము బజారు ధరకంటె ఎక్కువ. మునుగువానికి చేయి అందించుట పుణ్యమే, చేయి పరులది కానంతవరకు.

డిసెంబరు 16న ఫిరోజ్ సభలో ఈ వ్యవహారమునంతయు విప్పినాడు. ఆయన ఆయుధము ఆవేశము కాదు, తేదీలు, ధరలు. ప్రభుత్వము విచారణకు ఒప్పుకొనక తప్పినది కాదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య కమిషనుగా బహిరంగ విచారణ జరిపినాడు. గదిలో చోటు చాలని జనము కొరకు వెలుపల లౌడుస్పీకర్లు పెట్టవలసివచ్చినది. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి భారమును కార్యదర్శి ఎచ్.ఎం. పటేలు మీదికి నెట్టజూచినాడు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా బాధ్యుడు మంత్రియేనని చాగ్లా తేల్చినాడు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి పదవి వదలినాడు. ఆయనను పంపుట నెహ్రూకు మనస్కరించలేదు. ముంద్రా కారాగారము చేరినాడు.

ఫిరోజ్‌కు స్వపర భేదము తక్కువ. టాటాల కర్మాగారము రైలు ఇంజన్లకు జపాను ధరకు దాదాపు రెట్టింపు పుచ్చుకొనుచున్నదని చెప్పి, దానిని జాతీయము చేయవలెనని కోరినాడు. టాటాలును పార్సీలే, ఆ సమాజములో కలవరము పుట్టినది. మామగారి తీన్‌మూర్తి భవనము విడిచి పార్లమెంటు సభ్యుల క్వార్టర్సులోనే ఆయన కాలము గడపినాడు. గులాబీలు పెంచుట, వడ్రంగము ఆయనకు ప్రీతి. 1958లో గుండెపోటు వచ్చినను పని తగ్గించుకొనలేదు. 1960 సెప్టెంబరు 8న ఢిల్లీలోని వెల్లింగ్డన్ ఆసుపత్రిలో కన్నుమూసినాడు. నాలుగు దినములు గడచియున్న నలుబది యెనిమిదేండ్లు నిండెడివి.

ఆ తరువాతి కథ ఆయన చూడలేదు, చూచియున్న నవ్వుకొనెడివాడేమో. కృష్ణమాచారి 1962లో మంత్రివర్గమునకు తిరిగివచ్చి, 1963లో మరల ఆర్థికమంత్రి యైనాడు. అదే ఏడు చాగ్లా విద్యామంత్రి యైనాడు. తీర్పు చెప్పినవాడును, చెప్పించుకొన్నవాడును ఒకే బల్ల చుట్టు కూర్చుండినారు.

ఫిరోజ్ మరియొక పని చేసియుండెను. సభలో జరిగిన చర్చను పత్రికలు యథాతథముగా అచ్చువేసినచో శిక్షాభయము లేకుండునట్లు 1956లో ఒక అనధికార బిల్లు తెచ్చి చట్టము చేయించినాడు. ఫిరోజ్ గాంధీ చట్టమని దానికి వాడుకపేరు. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, ఆ చట్టము రద్దయినది. అప్పటి ప్రధాని ఆయన అర్ధాంగి. 1977లో జనతా ప్రభుత్వము దానిని మరల తెచ్చినది. ఆ ప్రభుత్వమున ఆర్థికమంత్రి ఎచ్.ఎం. పటేలు, ముంద్రా వాటాలు కొన్ననాటి కార్యదర్శియే.