బోస్టన్‌లో మొదటి సంవత్సరం

నేను మన బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు ఒక రాత్రి మా వీధికి ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చారు. బోదకాలు తెచ్చే క్రిములు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి కాబట్టి పరీక్షకు నెత్తురు కూడా రాత్రే తీయాలి. నిద్రపోతున్న అక్కనూ నన్నూ లేపి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద ఒక్కో చుక్క అద్దుకుని వెళ్లారు. మర్నాడు తరగతిలో అందరం వేళ్లు చూపించుకుంటుంటే సైన్సు మాస్టారు పాఠం పక్కన పెట్టారు. ఆ జబ్బుకిచ్చే హెట్రజాన్ మాత్ర వెనుక మన భీమవరంలో పుట్టిన మనిషి కృషి ఉందని చెప్పారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిపెట్టమని, అది ఈ ఏడాది పది పూర్తిచేసి ఊరు దాటబోయే పిల్లలకు పనికొచ్చేలా ఉండాలని సంఘం మిత్రులు అడిగారు. నాకు వెంటనే ఆయనే గుర్తొచ్చారు. ఆయన కనిపెట్టినవాటి గురించి తెలిసినవారు చాలా రాశారు. నేను మాత్రం కొత్త నగరంలో, కొత్త కాలేజీలో ఆయన గడిపిన మొదటి ఏడాదినీ, దానికి ముందూ వెనకా జరిగినదాన్నీ చెబుతాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు సంతానంలో ఒకరు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం బాగాలేక దాన్నీ ముందే వదులుకోవలసి వచ్చింది. ఇంట్లో ఇబ్బందులు చూసిన సుబ్బారావు పదమూడేళ్ల వయసులో కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని ఆ పిల్లవాడి లెక్క. తల్లి వెంకమ్మ గారు మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

మనలో పరీక్ష తప్పినవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాత రోజుల్లో హార్వర్డ్ ప్రయోగశాలలో పనిచేసిన ఈయన మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. రాజమండ్రి చదువు అయ్యాక మద్రాసు వెళ్లి, తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. ఆ రోజుల్లో మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడా దారి సాఫీగా సాగలేదు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టి ఆపరేషన్ గదికి వెళ్లడం శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు నచ్చలేదు. చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. పట్టా.

1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితో ఆయనకు పెళ్లయింది. వైద్య విద్యకు డబ్బు సాయం చేసింది మామగారే. ఆ తర్వాత కొంతకాలానికి ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్న తిండి ఒంటికి పట్టకుండా మనిషిని క్షీణింపజేసే రోగం అది. సుబ్బారావు గారికీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. తమ్ముణ్ణీ అన్ననూ తీసుకుపోయిన జబ్బుకు మందు తెలియాలంటే పరిశోధన నేర్చుకోవాలి, అందుకు సముద్రం దాటాలి అన్న పట్టుదల ఆయనలో బలపడింది.

ప్రయాణానికి మామగారు చేయూతనిచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ నుంచీ సాయం అందింది. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి ఓడెక్కారు. అప్పటికి ఆవిడ గర్భిణి.

1923 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. ఊరు చలికాలంలోకి జారుతున్న రోజులు. అప్పుడు ఆయన వయసు ఇరవై ఎనిమిది. హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య విభాగంలో సీటు దొరికిందే గాని ఉపకార వేతనం లేదు. ఆ విభాగాధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ అండగా నిలిచాడు. కానీ తిండికీ గదికీ ఎవరి డబ్బు వారే చూసుకోవాలి. మద్రాసు పట్టాతో అక్కడ జీతమొచ్చే డాక్టరు పని దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పెట్టడం అందులో ఒక పని. మన దేశంలో డాక్టరుగా నాడి చూసిన చేయి అది, విద్యార్థులకు పాఠం చెప్పిన చేయి అది. పగలు తరగతి, రాత్రి ఆ పని. అలా గడిచింది ఆయన మొదటి సంవత్సరం.

1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేతికి వచ్చింది. అది పట్టుకుని ఓడెక్కితే మద్రాసులో గౌరవంగా బతకవచ్చు. ఆయన ఆగిపోయారు. జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కే దగ్గర పని మొదలుపెట్టారు.

ఆ పని ఏమిటో నా వృత్తి వల్ల నాకు కాస్త దగ్గరగా తెలుసు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవాలి. నమూనాకు ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆ వచ్చిన పదార్థాన్ని మరో రసాయనంతో క్షయకరణం చేస్తే నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగును తెలిసిన ద్రావణంతో పోల్చి లెక్క కడతారు. 1925లో వెలువడిన ఈ పద్ధతికి ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అనే పేరు స్థిరపడింది. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో నేను ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. నీటిలో ఫాస్ఫేటు కొలవడానికి మా ప్రయోగశాలలోనూ మాలిబ్డేటు నీలమే ఆధారం. గాజు గొట్టంలో ఆ రంగు విచ్చుకున్నప్పుడల్లా నాకు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పాత్రలు కడిగిన మనిషి గుర్తొస్తాడు.

ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో దాగిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కే, ఆయనా బయటపెట్టారు. 1929లో ఏ.టి.పి. గురించి ప్రకటించారు. మనం చేయి ఎత్తినా, రెప్ప వాల్చినా ఖర్చయ్యే శక్తి నిల్వ అది. దాన్ని దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావు గారికి పి.హెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో ఎన్నాళ్లు పనిచేసినా స్థిరమైన స్థానం మాత్రం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ రోగానికి అది మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులతో పిల్లల రక్త కేన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ చికిత్స మొదలుపెట్టాడు. ఆరియోమైసిన్ అక్కడి నుంచే వచ్చింది. మా అక్కకూ నాకూ వేలు పొడిచిన జబ్బుకిచ్చే మాత్రా అక్కడి నుంచే వచ్చింది.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మాస్టారు ఆ రోజు ఇంతవరకే చెప్పారు. మిగతాది నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. మూడేళ్లన్న గడువు ఇరవై అయిదేళ్లయింది. సుబ్బారావు గారు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. బోస్టన్‌లో ఆయన పాత్రలు కడుగుతూ గడిపిన ఏడాది ఆవిడకు కూడా మొదటి ఏడాదే. దానికి డిప్లొమా లేదు. స్టాంపు మీద ఆవిడ బొమ్మ లేదు.

ఇది ఆయన తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆయన ఉండిపోకపోతే ఎంతమంది ప్రాణాలు పోయేవో నాకు తెలుసు. కానీ ఆ లెక్కలో రెండో పద్దు కూడా రాయాలి. ఆ మాట అనే హక్కు నాకెలా వచ్చిందో చెప్పి ముగిస్తాను.

1987లో నేను వరంగల్‌లో ఇంజనీరింగులో చేరాను. మా నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తా. ఒక్క హాస్టలు ఖర్చు మాత్రమే మోయగలరు. అక్క మన బడిలోనే నాకంటే రెండేళ్లు ముందు చదివింది. పదిలో లెక్కల్లో నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. ఇంటర్‌తో ఆమె చదువు ఆగింది. దాని గురించి ఇంట్లో చర్చ జరిగినట్టు కూడా నాకు గుర్తులేదు. అది అలా జరిగిపోయింది.

వరంగల్‌లో మొదటి నెలలు నాకు కష్టంగా గడిచాయి. ఇంజనీరింగ్ డ్రాయింగు మొదటి పరీక్షలో తప్పాను. ఇంటికి రాసే కార్డుల్లో మాత్రం అంతా బాగుందని రాసేవాణ్ణి. అక్కకు ఒక్కదానికే నిజం రాశాను. నా దగ్గర మినీ డ్రాఫ్టర్ లేదని, పక్కవాడిది ఖాళీ అయ్యేదాకా ఆగి గీస్తున్నానని కూడా రాశాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి నెల మనియార్డరులో రెండు వందల రూపాయలు ఎక్కువ వచ్చాయి. నాన్నగారికి బోనస్ వచ్చి ఉంటుందనుకున్నాను. డ్రాఫ్టర్ కొన్నాను, ఏడాది చివర పాసయ్యాను. ఆ డబ్బు అక్క వీధిలో వాళ్లకు జాకెట్లు కుట్టి కూడబెట్టిందని అమ్మ చెప్పేసరికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు. అప్పటికి అక్కకు ఇద్దరు పిల్లలు.

ఈ సంచిక కోసం పూర్వ విద్యార్థుల వివరాల ఫారం అందరికీ వెళ్లింది కదా. నాది ఆ రోజే నింపి పంపాను. అక్కది నెల తర్వాత కూడా వాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది. పేరు, బ్యాచి రాసి, హోదా అన్న గడి దగ్గర ఆగిపోయింది. అక్కడ ఏం రాయాలో నాకూ వెంటనే తోచలేదు. చివరికి ఆ గడి ఖాళీగానే వదిలి సంతకం పెట్టించి నేనే తెచ్చి ఇచ్చాను. ఉత్సవం రోజున అక్క వస్తుంది. 1983 బ్యాచి వాళ్లు పక్కన చోటుంచాలని మనవి.

ఈ జూన్‌లో విజయవాడకో హైదరాబాదుకో బయలుదేరే పిల్లలకు నా మాట ఒకటే. పరీక్ష తప్పితే భయపడకండి, సుబ్బారావు గారే రెండుసార్లు తప్పారు. చిన్న పనని సిగ్గుపడకండి. మీ మొదటి ఏడాది ఖర్చు ఇంట్లో ఎవరు ఏం మానుకుంటే వచ్చిందో మాత్రం వెళ్లేముందే అడిగి తెలుసుకోండి. నేను పదేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాను.