చూపు లేని ఇంజినీర్ ఇచ్చిన క్రూయిజ్ కంట్రోల్.. బైక్‌కి థ్రోటిల్ లాక్ కొనే ముందు ఈ కథ చదవండి

గాజువాక: కూర్మన్నపాలెం దాటి, లంకెలపాలెం మీదుగా అనకాపల్లి వైపు 16వ నంబర్ జాతీయ రహదారిపై బైక్‌లో వెళ్తే ముందుగా అలిసిపోయేది కుడి మణికట్టే. తుని, రాజమండ్రి దాకా వెళ్లొచ్చే వాళ్లనడిగితే చెబుతారు. యాక్సిలరేటర్ వదిలితే బండి నెమ్మదిస్తుంది, అలాగే పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అందుకే థ్రోటిల్ లాక్, క్రూయిజ్ అసిస్ట్ లాంటి పరికరాల వైపు చూస్తున్నారు. అయితే వీటిలో ఏది కొనాలో తేల్చుకునే ముందు, క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన మనిషి గురించి తెలుసుకుంటే సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది. ఆయన పేరు రాల్ఫ్ టీటర్. ఈ అమెరికన్ ఇంజినీర్‌కు కళ్లు కనిపించవు.

ఐదేళ్లకే పోయిన చూపు

టీటర్ 1890 ఆగస్టు 17న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఐదేళ్ల వయసులో కత్తితో ఆడుకుంటుంటే అది జారి కంట్లో గుచ్చుకుంది. కొన్నాళ్లకే రెండో కంటి చూపు కూడా పోయింది. ఇంట్లోవాళ్లు మాత్రం అబ్బాయిని ఓ మూల కూర్చోబెట్టలేదు. కుటుంబానికి సొంత వర్క్‌షాప్ ఉండేది. అక్కడే పనిముట్లను వేళ్లతో తడిమి గుర్తుపట్టడం, యంత్రం చప్పుడు విని లోపం చెప్పడం నేర్చుకున్నాడు. 12 ఏళ్లకే కజిన్‌తో కలిసి ఓ చిన్న కారు తయారు చేశాడు.

చూపు లేని కుర్రాడికి ఇంజినీరింగ్ సీటు ఇవ్వడానికి కాలేజీలు వెనకాడాయి. చివరికి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేరి 1912లో మెకానికల్ ఇంజినీర్‌గా బయటకొచ్చారు.

షిప్‌యార్డులో పరీక్ష

ఆయన చేతి వేళ్ల సత్తా ఏంటో మొదటి ప్రపంచ యుద్ధంలో బయటపడింది. ఓడల టర్బైన్ రోటర్ అంటే ఏంటో మన గాంధీగ్రామ్ షిప్‌యార్డులో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అంత వేగంతో తిరిగే బరువైన ఇనుము కొంచెం బ్యాలెన్స్ తప్పినా బేరింగులు పాడవుతాయి. న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ షిప్‌యార్డులో యుద్ధనౌకల రోటర్లతో సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. టీటర్ అక్కడికెళ్లి వాటిని బ్యాలెన్స్ చేసే పద్ధతి కనిపెట్టారు. చూపున్నవాళ్లకు చిక్కని తేడా ఆయన స్పర్శకు దొరికింది.

ఆ తర్వాత సొంతూరికి వచ్చి, పిస్టన్ రింగులు తయారు చేసే కుటుంబ కంపెనీ పర్ఫెక్ట్ సర్కిల్‌లో ఇంజినీరింగ్ బాధ్యతలు చూశారు. 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈకి అధ్యక్షుడయ్యారు. 1946లో కంపెనీ ప్రెసిడెంట్ కూడా అయ్యారు.

పక్క సీట్లో పుట్టిన ఐడియా

క్రూయిజ్ కంట్రోల్ ఆలోచన ఆయనకు కారులో పక్క సీట్లో కూర్చున్నప్పుడు వచ్చింది. కంపెనీ లాయర్ కారు నడుపుతూ మాట్లాడితే వేగం తగ్గిపోయేది, ఎదుటివాళ్ల మాట వింటున్నప్పుడు పెరిగేది. ఆ కుదుపులు టీటర్‌కు అస్సలు పడేవి కావు. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు, టైర్లు ఆదా చేయడానికి అమెరికా ప్రభుత్వం గంటకు 35 మైళ్ల పరిమితి పెట్టింది. అంటే దాదాపు 56 కిలోమీటర్లు. అందరూ ఒకే వేగంతో వెళ్తే ప్రమాదాలూ తగ్గుతాయని ఆయన నమ్మారు.

ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1950 ఆగస్టులో పేటెంట్ సంపాదించారు. మొదటి డిజైన్ డ్రైవర్ కాలికి విశ్రాంతి ఇచ్చేది కాదు, హెచ్చరించేది. కావలసిన వేగాన్ని డ్యాష్‌బోర్డు మీద సెట్ చేస్తారు. డ్రైవ్ షాఫ్ట్‌తో తిరిగే గవర్నర్ ఆ వేగం రాగానే గుర్తిస్తుంది. వ్యాక్యూమ్‌తో నడిచే పిస్టన్ అప్పుడు యాక్సిలరేటర్ పెడల్‌ను వెనక్కి నెడుతుంది. మీటర్ చూడకుండానే, పరిమితికి వచ్చామని కాలికి తెలిసిపోతుంది. వేగాన్ని ఒకచోట నిలిపే లాక్ తర్వాత వచ్చింది. దాన్ని కూడా బ్రేక్ తొక్కగానే విడిపోయేలా తయారు చేశారు.

స్పీడోస్టాట్ అనే పేరుతో వచ్చిన ఈ పరికరాన్ని 1958 మోడల్ కార్లలో క్రైస్లర్ మొదట అమర్చింది. క్రూయిజ్ కంట్రోల్ అనే పేరు తర్వాత క్యాడిలాక్ పెట్టింది. 1973 చమురు సంక్షోభం వచ్చి, పెట్రోలు ఆదా ముఖ్యమయ్యాక దీనికి గిరాకీ బాగా పెరిగింది. టీటర్ 1982 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1988లో ఆయన పేరు ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

మరి మీ బైక్‌కి ఏది?

టీటర్ కథలో కొనేవాళ్లు పట్టుకోవాల్సిన ముక్క ఒక్కటే. బ్రేక్ వేస్తే వదిలేస్తుందా, లేదా? మార్కెట్లో దొరికే మూడు రకాలకూ ఇదే పరీక్ష పెట్టండి.

మొదటిది, గ్రిప్‌కి తగిలించే అరచేతి పట్టీ. దీన్నే చాలా చోట్ల క్రూయిజ్ అసిస్ట్ అని అమ్ముతారు. ఇది దేన్నీ లాక్ చేయదు. అరచేత్తో నొక్కి ఉంచితే చాలు, వేళ్లకు విశ్రాంతి. చెయ్యి తీస్తే థ్రోటిల్ వెనక్కి వస్తుంది. అయితే ట్రాఫిక్‌లో పొరపాటున చెయ్యి తగిలి రేజ్ అయ్యే ప్రమాదం ఉంది.

రెండోది, థ్రోటిల్ లాక్. ఇది గ్రిప్‌ను ఉన్నచోట బిగించి పట్టుకుంటుంది, అంతే. బండి వేగం దానికి తెలియదు. ఎత్తు ఎక్కితే స్పీడు తగ్గుతుంది, పల్లం వస్తే పెరుగుతుంది. బ్రేక్ వేసినా మామూలుగా లాక్ ఊడదు. కాబట్టి కొనే ముందు ఇంజిన్ ఆపి బిగించి చూడండి. మణికట్టుతో వెనక్కి తిప్పితే గ్రిప్ తేలిగ్గా మూసుకోవాలి. బలం పెట్టాల్సి వస్తే అది మీకొద్దు.

మూడోది, కంపెనీ నుంచే వచ్చే ఎలక్ట్రానిక్ క్రూయిజ్ కంట్రోల్. రైడ్ బై వైర్ ఉన్న కొన్ని బైకుల్లో దొరుకుతుంది. వేగాన్ని తనే కొలిచి సరిచేసుకుంటుంది, బ్రేక్ లేదా క్లచ్ పట్టగానే వదిలేస్తుంది. టీటర్ ఆలోచనకు అసలైన వారసురాలు ఇదే.

ఏది ఉన్నా సరే, గాజువాక జంక్షన్, ఆటోనగర్ పరిసరాల్లో వాడకండి. స్టీల్ కాయిల్స్ మోసుకెళ్లే ట్రైలర్, పోర్టుకెళ్లే కంటైనర్ లారీ ఎప్పుడు అడ్డంగా తిరుగుతాయో చెప్పలేం. వానలో, మలుపుల్లో కూడా వద్దు. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద మాత్రమే, అదీ చెయ్యి గ్రిప్ మీద ఉంచే వాడాలి.

ఇంకో మాట. వేగం ఎగుడుదిగుడైతే ముందు తెలిసేది పక్కన కూర్చున్న మనిషికేనని టీటర్ అనుభవంలో తేలింది. బైక్ మీదైతే ఆ మనిషి మీ వెనక సీట్లో ఉంటారు. కొత్త పరికరం బిగించాక మొదటి రైడ్ ఎలా ఉందో వాళ్లనే అడగండి.