శిలల సాక్ష్యం – ఆచార్య సి. మహదేవన్

తుంగతుర్తి, సూర్యాపేట పరిసరాల గుట్టలలో మనకు నిత్యం కనిపించే గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. కాలక్రమంలో ఈ శిలల రూపు మారుతుంది. ఫెల్‌స్పార్ మట్టిగానూ, నల్ల అభ్రకం పచ్చని క్లోరైటుగానూ పరిణమిస్తాయి. అట్లు మారిన శిల మొదట ఏ జాతిదో తెలుసుకొనుట ఎట్లు? శిలలో అత్యల్పంగా ఉండే జిర్కాన్, అపటైట్ వంటి ఉపఖనిజాలే ఇందుకు సాక్షులు. అట్టి సూక్ష్మ సాక్షులను శ్రద్ధతో పరిశీలించిన మహనీయుడు కలమూరు మహదేవన్.

ఆయన 1901లో జన్మించారు. కలకత్తాలో సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధన చేశారు. జిర్కాన్ రేణువులోని యురేనియం, థోరియం వెలువరించే కిరణాల వలన చుట్టూ ఉన్న ఖనిజంలో రంగు వలయాలు ఏర్పడతాయి. 1920ల చివరలో కార్డియరైటు ఖనిజంలోని ఇట్టి వలయాలను ఆయన అధ్యయనం చేశారు. ఎక్స్ కిరణాలతో బొగ్గు నిర్మాణాన్ని పరిశీలించారు. భౌతికశాస్త్ర పద్ధతులను శిలాపరిశోధనకు అన్వయించడం ఆయన విశిష్టత.

అనంతరం నిజాం రాష్ట్ర భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి, ప్రయోగశాలను వీడి కొండకోనలలో సంచరించారు. 1945లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర శాఖ బాధ్యతలు స్వీకరించారు. 1950లలో అమెరికా శాస్త్రవేత్త లఫాండ్‌తో కలిసి తూర్పు తీర సముద్రగర్భాన్ని శోధించారు. అక్కడి ఒక సముద్రాంతర లోయకు మహదేవన్ పేరే పెట్టారు. 1962లో ఆయన పరమపదించారు.

తరువాతి తరం పరిశోధకులు ఉపఖనిజాల రసాయన కూర్పునే కొలవగలిగారు. శిలాద్రవం పరిణతి చెందిన కొలదీ అందు పుట్టే జిర్కాన్‌లో హాఫ్నియం పాలు సాధారణంగా పెరుగుతుంది. పైరూపు మారిన గ్రానైటును సైతం ఇట్టి గుర్తులతో వర్గీకరించవచ్చు. అయితే యురేనియం అధికమైన జిర్కాన్ తన కిరణాలకు తానే శిథిలమై మార్పు చెందుతుంది. కనుక ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పరాదు. పలు ఖనిజాల సాక్ష్యాలను సరిపోల్చవలెను.

విద్యార్థులారా! పైరూపును చూచి నిర్ణయానికి రావడం సులభం. అణుమాత్రమైన రేణువును ఓర్పుతో పరిశీలించినవారికే సత్యం గోచరిస్తుంది. మహదేవన్ జీవితం మనకు బోధించేది ఇదే.