హాస్టల్ ఊడ్చిన కరాటే గురువు

ఈ రోజు ప్రపంచమంతా కరాటే నేర్చుకుంటోంది. ఆ విద్యను ఒకినావా దీవి నుండి టోక్యోకు తెచ్చి పాదుకొల్పినవారిలో ముఖ్యులు గిచిన్ ఫునకోషి. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఒక విద్యార్థి వసతి గృహంలో కాపలాదారు కూడా. అందుకే ఆయన జీవితం మన వార్షికోత్సవ సంచికలో ఉండదగినదని మేము భావించాం.

ఫునకోషి 1868లో ఒకినావాలోని షూరిలో నెలలు నిండకుండానే పుట్టారు. అమ్మమ్మ, తాతయ్యల ఇంట పెరిగారు. చిన్నతనమంతా అనారోగ్యమే. తోటి విద్యార్థి తండ్రి అజాతో దగ్గర కరాటేలో చేరాకే ఒంట్లో బలం వచ్చింది. అప్పట్లో కరాటేను బహిరంగంగా నేర్పేవారు కాదు. రాత్రిపూట గురువుగారి ఇంటి పెరట్లో, గుడ్డి దీపం వెలుగులో సాధన. కదలికలను వరుసగా కూర్చిన అభ్యాసాన్ని కతా అంటారు. గురువు తృప్తిపడేదాకా నెలల తరబడి అదే కతా చేయవలసిందే.

డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. కానీ జుట్టుముడి ఉన్నవారిని వైద్య పాఠశాలలో చేర్చుకోరు. ముడి తీయడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఆ చదువు అలా పోయింది. తర్వాత ముడి తీయించుకుని 1888లో ఉపాధ్యాయ వృత్తిలో చేరి, 30 ఏళ్ళకు పైగా పనిచేశారు. మొదట్లో జీతం నెలకు 3 యెన్‌లు. ఇంట్లో తినేవారు 10 మంది. పగలు బడి, రాత్రి సాధన. మరి ఇల్లు గడిచిందెలా? ఆయన భార్య పగలు పొలం పని చేసి, రాత్రి పొద్దుపోయేదాకా బట్టలు నేసేవారు. భర్త సాధనకు ఏనాడూ అడ్డుచెప్పలేదు. అలసిన రాత్రుల్లో ఆమె కూడా కతాలు చేసేవారు.

1922లో విద్యాశాఖ ప్రదర్శనలో కరాటే చూపడానికి ఫునకోషి టోక్యో వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు 53. జూడో స్థాపకులు జిగోరో కానో తదితరుల కోరికపై అక్కడే ఉండిపోయారు. చేతిలో డబ్బు లేదు. ఒకినావా విద్యార్థుల కోసం నడిచే మేయ్‌సేయ్ జుకు వసతి గృహంలో చిన్న గది దొరికింది. పగలు ఆవరణ ఊడ్చారు, తోటపని చేశారు, కాపలా కాశారు. అక్కడి హాలు ఖాళీగా ఉన్న వేళల్లో కరాటే నేర్పారు. బట్టలు తాకట్టు పెట్టిన రోజులూ ఉన్నాయి.

పూర్వీకుల సమాధుల బాధ్యత వదలలేక భార్య ఒకినావాలోనే ఉండిపోయారు. 20 ఏళ్ళకు పైగా ఇద్దరూ దూరంగానే బతికారు. 1945లో బాంబు దాడుల్లో ఆయన శిక్షణశాల షోటోకాన్ కాలిపోయింది. అదే ఏడు, తనంతటివాడైన కుమారుడు గిగో క్షయతో మరణించాడు. యుద్ధం ముగిశాక భార్యాభర్తలు కలిశారు గానీ, 1947లో ఆమె కన్నుమూశారు. ఆయన మళ్ళీ టోక్యో వెళ్ళి పాఠం చెప్పారు. 1957లో 88వ ఏట మరణించారు.

మిత్రులారా! ఫునకోషి పేరు లోకానికి తెలుసు. ఆ పేరు వెనుక మగ్గం ముందు కూర్చున్న ఇల్లాలు ఎందరికి తెలుసు? మనల్ని ఇక్కడ చదువుకోమని పంపి, ఇంటి దగ్గర కూలికి వెళ్ళే అమ్మానాన్నలూ అలాంటివారే. తీరిక దొరికాక సాధన చేద్దామనుకుంటే ఆ తీరిక రాదు. ఊడ్చే పని అయ్యాక మిగిలిన గంటే ఫునకోషికి బడి అయింది. మనకు మిగిలే ఆ గంటను వృథా చేయకుందాం. దాని ఖరీదు ఇంటి దగ్గర ఎవరో చెల్లిస్తున్నారు.