మైఖేల్ డిబేకీ

మైఖేల్ ఎల్లిస్ డిబేకీ (సెప్టెంబరు 7, 1908 - జూలై 11, 2008) ప్రపంచ ప్రఖ్యాతి పొందిన అమెరికా శస్త్రవైద్యుడు. గుండె నుండి శరీరమంతటికీ రక్తమును కొనిపోవు బృహద్ధమనికి శస్త్రచికిత్స చేయుటలో మార్గదర్శకులలో ఒకరు.

బాల్యము, విద్యాభ్యాసము

లెబనాన్ నుండి వలస వచ్చిన క్రైస్తవ కుటుంబములో, లూసియానా రాష్ట్రములోని లేక్ చార్లెస్‌లో జన్మించారు. చిన్నతనముననే తల్లి వద్ద కుట్టుపని నేర్చుకున్నారు. 1932లో ట్యులేన్ విశ్వవిద్యాలయము నుండి వైద్యపట్టా పొందారు. 1948లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో శస్త్రచికిత్సా విభాగమునకు అధిపతి అయ్యారు.

బృహద్ధమని చికిత్స

ధమని గోడ బలహీనపడి ఉబ్బినా, దాని పొరలు విడిపోయినా అది పగిలి ప్రాణము పోవచ్చును. చెడిన భాగమును తొలగించి అమర్చుటకు డిబేకీ డాక్రాన్ గుడ్డను కొని, భార్య కుట్టుమిషనుపై స్వయముగా గొట్టములు కుట్టారు. పొరలు విడిపోయిన బృహద్ధమనికి 1954లో విజయవంతముగా శస్త్రచికిత్స చేశారు. 1965లో ఈ వ్యాధిని మూడు రకములుగా వర్గీకరించారు.

దశలవారీ శస్త్రచికిత్స

ఛాతీలోని బృహద్ధమని చాలా మేరకు చెడిపోయినప్పుడు అంతటినీ ఒకేసారి మార్చుట మిక్కిలి అపాయకరము. మెదడుకు, వెన్నుపాముకు, మూత్రపిండములకు రక్తము తగ్గి అవి దెబ్బతినవచ్చును. అందువలన ఈ పనిని రెండు దశలుగా చేయు పద్ధతి ఏర్పడింది. జర్మనీకి చెందిన హాన్స్ బోర్స్ట్ 1983లో ప్రకటించిన ఈ విధానమునకు 'ఏనుగు తొండము' అని పేరు. మొదటి దశలో ఛాతీ ముందు వైపు నుండి ధమని పై భాగమును, వంపును మార్చి, కృత్రిమ నాళపు కొసను క్రిందికి దిగు ధమనిలో తొండమువలె వ్రేలాడదీస్తారు. రోగి కోలుకున్న తరువాత ఎడమ ప్రక్క నుండి ఛాతీ తెరచి, ఆ కొసకు మిగిలిన నాళమును అతుకుతారు. డిబేకీ సహచరుడైన స్టాన్లీ క్రాఫర్డ్ (1922 - 1992) హ్యూస్టన్‌లో ఈ విధానమును ఆచరించారు.

వైద్యుడే రోగిగా

2005 డిసెంబరు 31న డిబేకీకి తీవ్రమైన ఛాతీ నొప్పి వచ్చింది. తాను వర్గీకరించిన వ్యాధే తనకు సోకినదని ఆయన గ్రహించారు. అప్పటికి 97 ఏళ్ళ వయసు. మొదట శస్త్రచికిత్సకు ఒప్పుకొనలేదు. 2006 ఫిబ్రవరిలో స్పృహ తప్పిన స్థితిలో ఉండగా శస్త్రచికిత్స చేయవచ్చునా అను ప్రశ్న ఆసుపత్రి నైతిక సంఘము ముందుకు వచ్చింది. భార్య పట్టుబట్టగా, సంఘము అనుమతించిన మీదట, చిరకాల సహచరుడు జార్జ్ నూన్ చెడిన భాగమును తొలగించి డాక్రాన్ నాళము అమర్చారు. నెలల తరబడి చికిత్స పొంది డిబేకీ కోలుకున్నారు. శస్త్రచికిత్స జరిగినందుకు తరువాత సంతోషించారు.

మరణము

2008 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకము అందుకొని, అదే ఏడాది జూలై 11న, నూరేళ్ళు నిండుటకు రెండు నెలల ముందు, హ్యూస్టన్‌లో మరణించారు. ఆయనను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననము చేశారు.