ఫిడేలు నాయుడుగారు

వీణకు మెట్లు గలవు. ఏ స్వరము ఎచ్చట పలుకునో ఆ మెట్లే వాదకునకు తెలియజేయును. ఫిడేలునకు మెట్లు లేవు. నాలుగు తంత్రులును, వాని క్రింద నున్నని పట్టెయు, చేత కమానును మాత్రమే యుండును. వ్రేలు వెండ్రుకవాసి జరిగినను అపస్వరము పలుకును. అచ్చట కన్ను సాయపడదు. చెవి యొక్కటియే దారి చూపవలెను. అట్టి వాద్యమును చేపట్టి, మందగించిన చూపుతోనే నాదలోకమున ఉన్నత శిఖరము నందుకొనిన మహనీయుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఫిడేలు నాయుడుగారనిన ఆంధ్రదేశమున తెలియనివారు లేకుండిరి.

ఆయన 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యములో ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణమున గడచెను. తోడి బాలురవలె ఆయనయు బడిలో చేరెను. కాని చూపు మందముగా నుండుటచే చదువు సాగలేదు. కొంతకాలమునకు బడి మానవలసి వచ్చెను. చదువు లేనివానికి కొలువు దొరకుట కష్టము; చూపు సరిగా లేనివానికి మరింత కష్టము. ఆ బాలుని భవిష్యత్తు ఏమగునో ఎవరికిని తోచలేదు.

అన్నగారగు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయింప నేర్చినవారు. వారే తమ్మునికి తొలి గురువులైరి. బాలుడు ఫిడేలును భుజమున నానించి, కమాను చేతబట్టి సాధన ప్రారంభించెను. పుస్తకములోని అక్షరములు అందని చోట, తంత్రులపై స్వరములు అందుచుండెను. వైణిక ప్రముఖులగు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి ప్రోత్సాహమును ఆయనకు లభించెను. ఏ విద్వాంసుని గానము విన్నను అందలి సారమును చెవితో గ్రహించి, దానిని తన వాద్యముపై పలికించువరకు ఆయన విశ్రమించెడివారు కారు.

అప్పుడు విజయనగర సంస్థానాధీశులుగా పూసపాటి విజయరామ గజపతిరాజుగారుండిరి. వారు 1919వ సంవత్సరమున విజయనగరమున సంగీత కళాశాలను స్థాపించిరి. సంస్థానోద్యోగి కుమారుడగు ఒక అంధబాలునకు సంగీతము నేర్పింపవలెనను సంకల్పమే దానికి మూలమని చెప్పుదురు. హరికథా పితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు.

ఈ వార్త విని వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరగోరి దరఖాస్తు చేసికొనిరి. అప్పటి కాయనకు ఇరువదియైదేండ్లు నిండినవి. వచ్చిన యువకుని ఫిడేలు వాదనమును అచ్చటి పెద్దలు వినిరి. ఇంతటి వానికి నేర్పుటకు తమ కళాశాలలో ఎవరును లేరని గ్రహించి, ఆయనను అచ్చటనే ఫిడేలు ఆచార్యునిగా నియమించిరి. చూపు లేమిచే బడి విడిచిన బాలుడు, శిష్యత్వము కోరి వెళ్ళి, ఆచార్య పీఠమును పొందెను. కంటిచూపు మూసిన తలుపును నాదము తెరచెను.

ఆచార్యులైనను ఆయన విద్యార్థిత్వమును విడువలేదు. సంగీతము ఆయనకు జీవనోపాధి మాత్రమే కాదు, ఉపాసన. నాదమే భగవత్స్వరూపమని నమ్మిన త్యాగరాజస్వామి మార్గమునే ఆయనయు అనుసరించిరి. ఫిడేలు మాటలు పలుకనేరదు. అయినను ఆయన కృతిని వాయించునప్పుడు అందలి ఆర్తియు, భక్తియు శ్రోతల హృదయములకు గాత్రమువలె సోకెడివి. శ్రుతిశుద్ధి లేని విద్య విద్య కాదని ఆయన విశ్వాసము. సంగీతమునకు ఆధారమగు తంబురా విశిష్టతను గూర్చి ఆయన వ్యాసమును కూడ రచించిరి. పాశ్చాత్య సంగీతమును సైతము ఆదరముతో వినెడివారు. మంచి నాదము ఎచ్చటిదైనను ఆయనకు పూజ్యమే.

నారాయణదాసుగారి పిమ్మట 1936వ సంవత్సరమున నాయుడుగారు కళాశాల అధ్యక్షులైరి. వారి కాలముననే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ ఊర పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద గాత్రము నభ్యసించిరి. నేదునూరి కృష్ణమూర్తిగారును ఆ కళాశాల విద్యార్థియే. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు తండ్రి యొద్దనే ఫిడేలు నేర్చి విదుషీమణిగా పేరొందిరి.

ఆ రోజులలో ఫిడేలు ప్రధానముగా ప్రక్కవాద్యము. గాయకుని వెన్నంటి నడచుటయే దాని ధర్మముగా నుండెను. నాయుడుగారు ఆ ధర్మమును చక్కగా నిర్వర్తించుచునే, ఫిడేలు ఒంటరిగా నిలిచి సభను రంజింపజేయగలదని నిరూపించిరి. 1938వ సంవత్సరమున వేలూరులో ఆయన ఫిడేలు కచేరి చేసిరి. అది మొదలు ఆ వాద్యమునకు సభలో ప్రధానస్థానము లభించెను.

1941వ సంవత్సరమున మద్రాసు సంగీత అకాడమి ఆయనకు సంగీత కళానిధి బిరుదము నొసగెను. 1952వ సంవత్సరమున ప్రపంచ ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసులగు యెహూది మెనూహిన్ భారతదేశమునకు వచ్చిరి. మద్రాసులో నాయుడుగారి వాదనము విని ఆయన ముగ్ధులైరి. పాశ్చాత్య లోకమునుండి వచ్చిన విద్వాంసుడు, తెలుగువాని చేత అది పలికిన తీరునకు తలయూచెను. భారత ప్రభుత్వము 1957వ సంవత్సరమున నాయుడుగారిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఆయన నాదలీనులైరి. 1993వ సంవత్సరమున, ఆయన శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను. విజయనగర కళాశాలలో నేటికిని బాలబాలికలు ఫిడేలు చేతబట్టుచున్నారు. మెట్లు లేని ఆ పట్టెపై స్వరస్థానమును వెదకు ప్రతి పసివ్రేలును మొదట తప్పును. పిమ్మట చెవిని నమ్ముకొని సరిదిద్దుకొనును. నాయుడుగారును ఒకనాడు అట్లే వెదకిరి. లేని చూపునకై వగవక, ఉన్న వినికిడిని నమ్ముకొనిరి. ఆ నమ్మకమే ఆయనను విద్వాంసునిగా, పిమ్మట గురువుగా తీర్చిదిద్దెను.